ఆనవాలు మిగలని కుట్టు

“ఒక్క చొక్కా చాలు. కంపెనీ లేబులు ఉన్న ఒక్క చొక్కా తెచ్చి ఈ బల్ల మీద పెట్టండి. మిగతా సంగతి నేను చూసుకుంటాను,” అంది లాయరమ్మ.

జిరాక్సు దుకాణం మీద ఉన్న ఇరుకు గది అది. కింద యంత్రం నడిచినప్పుడల్లా బల్ల మీది గాజుగ్లాసులో నీళ్లు సన్నగా వణుకుతున్నాయి. లైనక్క ఆ నీళ్లనే చూస్తూ కూర్చుంది. ఆమె వెంట వచ్చిన ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తలుపు దగ్గర గోడకు చేరగిలబడిన ఆమె ఆడబిడ్డ మాత్రం కిసుక్కున నవ్వింది.

“నవ్వులాటగా ఉందా నీకు?” అని లైనక్క గుడ్లురిమింది.

“ఏడిస్తే లేబులొస్తుందంటే చెప్పు వదినా, ఇప్పుడే మొదలుపెడతా.”

లాయరమ్మ ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. వయసులో చిన్నదే అయినా ఓపికలో పెద్దది. ఇదివరకు చెప్పిన సంగతే మళ్లీ మొదటి నుంచి చెప్పుకొచ్చింది. ఆ చొక్కాల మీద తన పేరు వేసుకుని అమ్ముకునే కంపెనీవాళ్ల దేశంలో ఒక చట్టం ఉంది. వస్తువు ఎక్కడ తయారైనా, దాన్ని తన పేరుతో అమ్ముకునేవాడు చేసినవాళ్ల కష్టానికి జవాబుదారీ అంటుంది ఆ చట్టం. ఆపద వచ్చిపడిందని ఒక్క మాటతో చేతులు దులుపుకుని పోవడానికి వీల్లేదు. తప్పుకోవాల్సి వస్తే, కుట్టినవాళ్ల గతి ఏమవుతుందో చూసి, వాళ్లకు చేయాల్సింది చేసి మరీ తప్పుకోవాలి.

“చట్టం మన వైపే ఉంది,” అందామె. “కానీ ముందు మనం వాళ్ల తాలూకు మనుషులమని తేలాలి. ‘మా ఒప్పందం పెద్ద ఫ్యాక్టరీతో. వెనక సందులో రేకుల షెడ్డు ఒకటుందని మాకు తెలియదు. మా చొక్కాలు అక్కడ కుట్టారనడానికి ఆధారం చూపండి’ అంటున్నారు. చూపలేకపోతే మనం వాళ్లకు ఎవరమూ కాము.”

“ఎవరమూ కాకపోవడమేంటమ్మా? ఆ కాలర్లన్నీ మా చేతుల మీదుగా పోయినవేగా?” అంది లైనక్క.

“నాకు తెలుసు. నాకు తెలిస్తే సరిపోదు.”

“పెద్ద ఫ్యాక్టరీవాళ్లు చెప్పరా?”

“షెడ్డుకు దొంగచాటుగా పని పంపామని వాళ్లు ఒప్పుకుంటే, మళ్లీ ఆర్డర్లు వస్తాయా? నోరు మెదపరు. చొక్కాయే మాట్లాడాలి.”

లైనక్క గ్లాసు మీంచి చూపు తిప్పింది. “లేబుళ్లు మేమే విప్పేశామమ్మా.”

“ఎన్నింటికి?”

“అన్నిటికీ.”

“ఎక్కడో ఒకటి పొరపాటున మిగిలి ఉండొచ్చుగా?”

“మా లైనమ్మా అది. ఒక్కటి కూడా వదల్లేదు.”

ఇంత జరిగినా ఆ చివరి మాటలో అణగని గర్వమేదో వినిపించింది. అది తన చెవికే తగిలి ఆమె తల దించుకుంది.

షెడ్డులో కాలర్లు కుట్టే మిషన్ల వరసకు ఆమె సూపర్‌వైజరు. ఆ వరసను లైను అంటారు కనుక ఆమె అందరికీ లైనక్క. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ అక్కర్లేదు. పదేళ్లకు పైగా ఆమె ఆ వరస వెనక అటూ ఇటూ నడిచింది. కాలరును వెలుగుకెత్తి చూడడం, గోటితో అంచు తడమడం, నచ్చకపోతే మాట్లాడకుండా వెనక్కి విసరడం ఆమె పద్ధతి. ఆ విసురుకు భయపడే లైను బాగుపడిందని షెడ్డు ఓనరు అనేవాడు.

తర్వాత ఒక ఏడు లోకాన్నంతా చుట్టేసిన జబ్బు వచ్చింది. ఊళ్లకు ఊళ్లే ఇళ్లలో కూర్చున్నాయి. సముద్రాల అవతల దుకాణాలు మూతబడ్డాయి. షెడ్డులో అట్టపెట్టెలు తాడు బిగించి సిద్ధంగా ఉండగా ఆర్డరు రద్దయిందన్న కబురు వచ్చింది. మనుషుల చేతిలో లేని విపత్తు కనుక ఒప్పందం చెల్లదన్నారట. కుట్టింది మాత్రం మనుషుల చేతులతోనే కదా అని అప్పుడెవరికీ తోచలేదు. తోచినా చెప్పుకోవడానికి అక్కడ ఎవరున్నారు?

కొన్నాళ్లకు ఓనరు తలుపులు సగం తీసి లైనక్కను పిలిపించాడు. చొక్కాలు కుళ్లిపోయే సరుకు కాదు, ఇక్కడే అమ్మేద్దాం. కాకపోతే కంపెనీ పేరుతో బయట అమ్మితే తల తీసేస్తారు. లేబుళ్లు విప్పి అప్పజెప్పాలి, వాటిని పెద్ద ఫ్యాక్టరీవాళ్లు లెక్క చూసుకుని తగలబెడతారు. అమ్మిన డబ్బుతో మీ అందరి జీతాలూ తీర్చేస్తాను అన్నాడు. ఆ మాట నమ్మి లైనక్క ఇంటింటికీ తిరిగి తన మనుషులను కూడగట్టింది. జీతాలొస్తాయని ఆమె తన నోటితో చెప్పింది. అందుకే వాళ్లు వచ్చారు.

లేబులు విప్పడం ఎవరికైనా వచ్చు. ఆనవాలు మిగలకుండా విప్పడమే పని. లైనక్క అదెలాగో చూపించింది. కుట్టు పైనుంచి తెంపకూడదు. లోపలి వైపున రెండు కుట్లు వదిలి మూడోది, మళ్లీ రెండు వదిలి మూడోది, కొక్కెం కత్తి మొనతో తెంపాలి. కింది దారం పట్టి లాగితే పై దారం దానంతటదే వచ్చేస్తుంది. తర్వాత ఆవిరి పట్టి, సూది పోట్ల మీద గోటి వెనక వైపుతో అటూ ఇటూ రాస్తే నేత పోగులు దగ్గరకు జరిగి చిల్లులు మూసుకుంటాయి. పక్క కుట్టులో ఉతికే పద్ధతి చెప్పే నాడాముక్క ఒకటుంటుంది. దాన్ని మొదటికంటా కత్తిరించి వదిలేద్దామన్నారు కొందరు. లైనక్క ఒప్పుకోలేదు. ఆ ముక్క మొదలు కూడా మిగలకూడదని, కుట్టు విప్పి, నాడా లాగేసి, మళ్లీ అదే కొలతలో కుట్టించింది.

సరుకు చూడడానికి వచ్చిన టోకు వ్యాపారి కాలరు తిరగేసి, లేబులు ఎక్కడుండేదో కనుక్కోలేక నవ్వాడు. ఓనరు కూడా చొక్కా అటూ ఇటూ తిప్పి, “నాకే కనబడటం లేదు లైనక్కా!” అన్నాడు. ఆ పూట ఆమెను ముందు గదిలో కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. సరుకు వెళ్లిపోయింది, లేబుళ్లు బూడిదయ్యాయి. ఆ తర్వాత వారం నుంచి ఓనరు ఫోనెత్తడం మానేశాడు.

లాయరమ్మ ఇదంతా విని కలం పక్కన పెట్టింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని లైనక్కకు అనిపించింది.

ఇంటికి వచ్చే దారి పొడుగునా ఆమె ఒకే సంగతి తిప్పి తిప్పి ఆలోచించింది. తన వృత్తిలో గొప్పతనమంతా కనబడకపోవడంలోనే ఉంది. బాగా కుట్టిన కాలరు తానే పుట్టుకొచ్చినట్టు ఉంటుంది, అందులో మనిషి జాడ ఉండదు. చెడగొట్టిన కాలరులోనే ఎవరో ఒకరు అక్కడ కూర్చుని కుట్టారని తెలుస్తుంది. ఇన్నేళ్లూ తాను లైనుకు నేర్పింది మాయమైపోవడమేనా? కాదు, అది పనితనం, అది తప్పెలా అవుతుందని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఆ రెండు మాటల్లో ఏది నిజమో తేలకుండానే ఇల్లొచ్చింది.

ఇల్లంటే ఒక గది, మధ్యలో కట్టిన పాత దుప్పటి. దుప్పటికి ఇటువైపు లైనక్క, ఆమె మొగుడు. అటువైపు ఆడబిడ్డ, ఆమె అయిదేళ్ల కూతురు. ఆడబిడ్డను కట్టుకున్నవాడు వదిలేసి పోయినప్పుడు లైనక్కే తీసుకొచ్చి లైనులో మిషను ముందు కూర్చోబెట్టింది. కూర్చోబెట్టిన రోజు నుంచీ పశ్చాత్తాపపడుతూనే ఉంది. ఆడబిడ్డది తొందర చెయ్యి. దారం పుటుక్కున తెంపుతుంది, సూదితో పొడిచిన చోటే మళ్లీ పొడుస్తుంది. షెడ్డులో ఆమెకు చిల్లుల రాణి అని పేరు. లేబుళ్లు విప్పినప్పుడు కూడా ఆమె వాటా మొత్తం లైనక్కే మళ్లీ ఆవిరి పట్టి సరిచేసింది.

మొగుడు అదే షెడ్డులో పెట్టెలు మోసేవాడు. ఇప్పుడు పొద్దున్నే కూలీల అడ్డాలో నిలబడి, పని దొరక్కపోతే మధ్యాహ్నానికి తిరిగొస్తున్నాడు. ఆ రోజు కూడా తిరిగొచ్చి, పెళ్లాం చెప్పిందంతా విని పెద్దగా నిట్టూర్చాడు.

“పనిమంతులు కొంప ముంచడం ఇప్పుడే చూస్తున్నా. నీ లైనులో అందరూ మా చెల్లెల్లాంటి వాళ్లే అయ్యుంటే ఈపాటికి కేసు గెలిచేవాళ్లం.”

“నన్ను మధ్యలోకి లాగకన్నయ్యా,” అంది దుప్పటి అవతల నుంచి ఆడబిడ్డ. “నేను పాడుచేసినా ఊరుకునే మనిషా మా వదిన? అన్నీ దిద్దేసింది. ఒక్క...” అని ఆగిపోయింది.

లైనక్క చెవి అక్కడే పడింది. “ఒక్క? ఒక్క ఏంటి?”

“ఏం లేదులే.”

“నీళ్లు నమలకు. చెప్పు.”

ఆడబిడ్డ దుప్పటి అంచు పక్కకు జరిపి తల బయటపెట్టింది. “తిట్టనంటే చెప్తా.”

“తిట్టను.”

“పిల్ల మీద ఒట్టేయ్.”

“చెప్తావా, చీపురు తియ్యమంటావా?”

“ఓనరు నీకు టీ ఇప్పించిన పూట, చివరి పెట్టెలో పీసులన్నీ నావే. ఆవిరి పట్టడానికి ఓపిక లేకపోయింది. నువ్వెటూ ముందు గదిలో ఉన్నావని మడతపెట్టి లోపల పడేసి తాడు కట్టేశాను.”

అరికాలి మంట నెత్తికెక్కడం లైనక్కకు బాగా తెలిసిన అనుభవమే. దాని వెంటే గుండె తేలిక కావడం మాత్రం కొత్త. తిట్టడానికి తెరిచిన నోటితో ఏమనాలో తోచక, వంగి ఆడబిడ్డ నెత్తిన ఒక మొట్టికాయ వేసి, అదే చేత్తో తల నిమిరింది.

“ఇదేంటి, కొట్టినట్టా, ముద్దుచేసినట్టా?” అన్నాడు మొగుడు.

“నాకే తెలియటం లేదు,” అంది లైనక్క. “చెప్పులేసుకోవే. బజారుకు పోదాం.”

టోకు వ్యాపారి సరుకంతా ఊళ్లోని పేవ్‌మెంటు దుకాణాలకే పోయింది. బస్టాండు వెనక సందులో, మురికి కాలువ పలకల మీద పట్టాలు పరిచి, చొక్కాలు గుట్టలుగా పోశారు. వదినా ఆడబిడ్డలు మొదటి గుట్ట ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్కటీ తిరగేయడం మొదలుపెట్టారు. చొక్కా ముందు వైపు చూడకుండా కాలరు వెనక్కి తిప్పి మొహానికి ఆనించుకుంటున్న వాళ్లను చొక్కాలమ్మే బేరగాడు కాసేపు ఓర్చుకున్నాడు.

“చొక్కాలు కొంటారా అమ్మా, వాసన చూసి పోతారా?”

“కాలరు చూస్తున్నాం అన్నా.”

“కాలరులో ఏముందమ్మా, మెడ పడితే చాలదా? కళ్లు మూసుకుని తీసుకోండి. ఫారిన్ సరుకు.”

“ఫారినని నీకెవరు చెప్పారు?” అంది ఆడబిడ్డ.

“ఒకరు చెప్పాలా? కుట్టు చూడు. ఇలా కుట్టేవాళ్లు మన దగ్గర ఉన్నారా?”

పొగడ్త విని ఒళ్లు మండడం లైనక్కకు అదే మొదటిసారి. చేతిలో ఉన్న కాలరు తాను దిద్దిందో, లైనులో ఇంకొకరు విప్పిందో ఆమె చెప్పలేకపోయింది. వెలుగుకెత్తి చూసింది. గోటితో తడిమింది. ఏమీ లేదు. చదునైన గుడ్డ. ఏ చేతులూ తాకనట్టు, ఎక్కణ్నుంచో ఊడిపడ్డట్టు ఉంది. తాను గెలవాలనుకున్న ఆట ఇదే, తాను గెలిచింది కూడా. ఆ గెలుపును గుట్టలోకి విసిరికొట్టి ఇంకోటి తీసింది.

మూడో దుకాణంలో ఆడబిడ్డ అరిచింది. “వదినా! ఇది నాదే!”

“ఎలా తెలుసు?”

“చూస్తే తెలీదా? నా మొహం ఉన్నట్టే ఉంది.”

లైనక్క లాక్కుని చూసింది. మెడ వెనక నాలుగు వైపులా చీమలు బారు కట్టినట్టు సూది పోట్లు. ఒక మూల గుడ్డ కాస్త చిరిగి పోగులు లేచాయి. ఆ పోగుల కింద, కుట్టు మడతలో ఇరుక్కుని, లేబులు మూల ఒకటి గోరంత మిగిలిపోయింది. ముదురు నీలం నేత, దాని మీద తెల్లదారంతో కంపెనీ పేరులోని చివరి అక్షరం తోక. ఆమె దాన్ని వేలితో తాకలేదు, ఊడిపోతుందేమోనని భయం. లైనులో ఉండగా ఇలాంటిది కనబడితే చొక్కాతో పాటు దాన్ని విప్పిన మనిషీ బయటికే.

“ఇది ఎంత?” అంది చొక్కా ముందుకు చాచి.

ఆ దుకాణం బేరగాడు తీసుకుని చూసి నొచ్చుకున్నాడు. “ఇది డామేజీ పీసమ్మా. ఉండు, మంచిది ఇస్తా.”

“మంచివి మాకొద్దు. అదే ఇవ్వు.”

“చిల్లులున్నాయంటుంటే!”

“చిల్లులే కావాలి.”

అతను ఆమె మొహంలోకి, తర్వాత ఆడబిడ్డ మొహంలోకి చూసి, ఇంకేమీ అనకుండా కాగితంలో చుట్టి ఇచ్చాడు. ధర మాత్రం తగ్గించలేదు. దారిలో ఆడబిడ్డ పొట్లం చంకన పెట్టుకుని పెళ్లికూతురిలా నడిచింది. “ఇన్నాళ్లకు నా పని నీకు నచ్చింది వదినా,” అంది. లైనక్క నవ్వింది. ఆ జబ్బు వచ్చాక ఆమె నవ్వడం అప్పుడే.

కార్మిక శాఖ ఆఫీసులో కంపెనీతో మాట్లాడుకోవడానికి ఒక రోజు ఇచ్చారు. మేడ మీది గదిలో అధికారి, ఆయన పక్కన మాటలు మార్చి చెప్పే దుబాసీ, గోడకు పెద్ద తెర. తెర మీద కంపెనీ తరఫు ఆవిడ. వెనక తెల్ల గోడ, మెడలో సన్నటి గొలుసు, కళ్లలో నిజంగానే దయ. లైనక్క ఆవిడ వేసుకున్న చొక్కా కాలరు చూసింది. చూడకుండా ఉండలేకపోయింది. బాగా కుట్టారు.

లాయరమ్మ చొక్కా విప్పి కాలరును కెమెరాకు చూపించింది. లేబులు మూలను, రంగును, అక్షరం తోకను ఒక్కొక్కటిగా వివరించింది. ఆ రద్దయిన ఆర్డరులోని రంగు ఇదేనంది, గుడ్డ ఇదేనంది. ఆవిడ శ్రద్ధగా విన్నది. ముందుకు వంగి చూసింది. తర్వాత నెమ్మదిగా మాట్లాడింది. దుబాసీ ముక్కలు ముక్కలుగా చెప్పుకొచ్చాడు.

“వాళ్ల నాణ్యత పరీక్షలు చాలా కఠినంగా ఉంటాయట. ఇలాంటి పనితనం ఉన్న కాలరు వాళ్ల చొక్కాది కావడం కష్టమట. వాళ్ల పేరుతో నకిలీ సరుకు చాలాచోట్ల తయారవుతోందట. ఇది అలాంటిదేమో చూడాలట.”

లాయరమ్మ కుర్చీలోంచి సగం లేచింది. “ఆ చిల్లులు కుట్టినప్పటివి కావు. లేబులు విప్పినప్పటివి. మీరు సరుకు వదిలేయబట్టే విప్పాల్సి వచ్చింది.”

“అదీ పరిశీలిస్తారట.”

“ఎన్నాళ్లు?”

దుబాసీ అడిగాడు. ఆవిడ తల పంకించి ఏదో చెప్పింది. “తొందరపడి తప్పు చేయడం వాళ్లకు ఇష్టం లేదట.”

లైనక్క అప్పటిదాకా పెదవి కొరుక్కుని కూర్చుంది. ఇక ఆగలేకపోయింది. “ఒక్క మాట అడగండి బాబూ. బాగా విప్పిన చొక్కా తెస్తే మా లేబులేదీ అంటారు. చెడగొట్టింది తెస్తే మా పనితనం కాదంటారు. మేం ఏ చొక్కా తెస్తే అది వాళ్లదవుతుందో చెప్పమనండి. అదే తెస్తాం.”

ఆమె మాట్లాడినంతసేపట్లో పావువంతు కూడా పట్టలేదు దుబాసీ దాన్ని మార్చి చెప్పడానికి. తెర మీది ఆవిడ గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

“మీ బాధ వాళ్లకు అర్థమవుతోందట,” అన్నాడు దుబాసీ.

“బాధ సంగతి నేనడగలేదు. చొక్కా సంగతి అడిగాను.”

అధికారి గొంతు సవరించుకుని, అమ్మా కూర్చోండి అన్నాడు. ఆమె కూర్చుంది. గోడను గుద్దితే చెయ్యైనా నొప్పి పుడుతుంది. ఇక్కడ గుద్దడానికి గోడ కూడా లేదు. ఎటు తోసినా మెత్తగా లోపలికి పోయే దూదిమూట ఏదో ఉంది. ఆవిడ చెడ్డమనిషి అయితే ఎంత బాగుండేదో. తిట్టుకుని, శాపనార్థాలు పెట్టుకుని, కనీసం ఆ పూటకు నిద్రపోవచ్చు.

తర్వాత సాయం సంగతి వచ్చింది. బాధ్యత ఉందా లేదా అన్నది తేలకపోయినా, మానవతా దృష్టితో కంపెనీ ఈ ప్రాంతంలోని కుట్టుపనివాళ్లకు ఇంటికో సరుకుల సంచి ఇస్తోంది. సంచులు కింద వరండాలో సిద్ధంగా ఉన్నాయి. తీసుకునేవాళ్లు ఒక కాగితం మీద సంతకం చేస్తే చాలు. లాయరమ్మ ఆ కాగితం చదివింది, మళ్లీ చదివింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

“ఇందులో ఏం రాశారో తెలుసా? ‘నేను ఈ కంపెనీ దుస్తుల తయారీలో ఎప్పుడూ పాల్గొనలేదు’ అని.”

“ఇచ్చేది దానమని స్పష్టంగా ఉండడం కోసమట,” అన్నాడు దుబాసీ. ఆ మాట చెప్పేటప్పుడు అతను తెర వైపూ చూడలేదు, వీళ్ల వైపూ చూడలేదు.

వరండాలో అప్పటికే బారు కట్టారు. లైనులో పనిచేసిన ఆడవాళ్లందరూ ఉన్నారు. లైనక్క మెట్లు దిగుతుంటే కొందరు తల తిప్పుకున్నారు, ఒకావిడ మాత్రం, “ఏం చెయ్యమంటావక్కా, పొయ్యి వెలిగి ఎన్నాళ్లయింది?” అంది. లైనక్క ఆవిడను దాటి పోయింది. జీతాలొస్తాయని ఒకసారి తన నోటితో చెప్పింది. మళ్లీ ఏ నోటితో చెబుతుంది?

బారు చివర ఆడబిడ్డ ఉంది. లైనక్క ఆమెను చెయ్యి పట్టుకుని స్తంభం చాటుకు లాక్కెళ్లింది.

“నువ్వు సంతకం చెయ్యకే. మిగతావాళ్లు చేసినా నువ్వు చెయ్యకు.”

“ఏం, నేనేం గొప్ప?”

“ఆ చొక్కా విప్పింది నువ్వు. ‘ఇవి నా చేత్తో చేసిన చిల్లులు’ అని నువ్వు చెబితేనే దానికి విలువ. నువ్వే ఆ కంపెనీ పని ఎప్పుడూ చెయ్యలేదని సంతకం పెడితే ఇక అది ఎవరిదో పాత గుడ్డ అంతే.”

ఆడబిడ్డ కాసేపు వదిన మొహంలోకి చూసింది. ఎప్పుడూ ఉండే వెటకారం ఆ చూపులో లేదు.

“ఏళ్ల తరబడి ‘ఇదీ ఒక పనేనా’ అని నా మొహాన విసిరావు. నలుగురిలో విసిరావు. ఇప్పుడేమో అది నా పనేనని గట్టిగా చెప్పమంటున్నావు.”

“అప్పుడన్నది తప్పే అనుకో...”

“తప్పని నేననడం లేదు వదినా. నిజంగానే చెత్త పని. నాకూ తెలుసు.” ఆమె గొంతు తగ్గించింది. “పిల్ల పొద్దున ఏం తిందో నీకు తెలుసుగా. నీ కళ్లముందేగా కలిపి పెట్టాను. కేసు ఎన్నాళ్లకు తేలుతుందో ఆ లాయరమ్మను చెప్పమను. రేపో ఎల్లుండో అంటే ఆగుతా. ఒట్టు, ఆగుతా.”

పట్టుకున్న చెయ్యి లైనక్కే వదిలేసింది. ఆడబిడ్డ వెళ్లి బారులో నిలబడింది. మధ్యలో వచ్చినావిడ పక్కకు జరిగి చోటిచ్చింది.

మేడ మీదకు తిరిగి వెళ్లేసరికి తెర ఆరిపోయి ఉంది. అధికారి కాగితాలు సర్దుకుంటున్నాడు. లాయరమ్మ చొక్కాను జాగ్రత్తగా ప్లాస్టిక్ సంచిలో పెడుతోంది.

“మీ ఆడబిడ్డ?”

“సంతకం పెడుతోంది.”

లాయరమ్మ కళ్లు మూసుకుని తెరిచింది. “మీరు?”

“నేను పెట్టను.”

“మీ ఒక్కరు మిగిలినా కేసు మిగులుతుంది. కానీ ఈ చొక్కా గురించి చెప్పే మనిషి లేకపోతే...” అని ఆపేసి, ఎదురుగా కూర్చుని అడిగింది. “మీ వాంగ్మూలం తీసుకోమని అడగొచ్చు. కాకపోతే అవతలివాళ్లు ఒకే ఒక్క ప్రశ్న వేస్తారు, ఈ లేబులు విప్పింది ఎవరని. ఏం చెబుతారు?”

లైనక్క సంచిలోని చొక్కా వంక చూసింది. ప్లాస్టిక్ లోంచి కూడా చిల్లులు కనబడుతున్నాయి. అబద్ధం చెప్పడం కష్టం కాదు. నేనే విప్పానంటే ఎవరు కాదనగలరు? కానీ నోటి దాకా వచ్చిన ఆ మాట అబద్ధంలా అనిపించలేదు. అదే ఆమెను తికమకపెట్టింది. వరస వెనక నడిచింది తాను. ఎవరికి ఏ పీసు ఇవ్వాలో చెప్పింది తాను. ఆ పూట ముందు గదిలో పొగడ్త వింటూ కూర్చుని, చివరి పెట్టె చూడకుండా వదిలేసింది తాను. తొందర చేతి మనిషిని మిషను ముందు కూర్చోబెట్టింది కూడా తానే.

“నాది,” అంది.

“మీ చేత్తో విప్పారా?”

“నా లైనులోంచి పోయిన పీసమ్మా అది. నా లైనులోంచి బయటికి పోయింది మంచిదైనా చెడ్డదైనా నాదే. పేరు పెట్టుకుని వరస ముందు నిలబడ్డాక, చెయ్యి నాది కాదని ఎలా అంటాను?”

లాయరమ్మ కలం ఎత్తి పట్టుకుంది గానీ కాగితం మీద పెట్టలేదు. “మీరన్నది బాగానే ఉంది. నేను ఇన్నాళ్లుగా వాళ్లతో అనిపించాలని చూస్తున్నది కూడా ఇదే. కానీ వాళ్లు అడిగేది చెయ్యి ఎవరిదని.”

“చెయ్యి ఎవరిదో వాళ్లకెందుకు? వాళ్లెప్పుడూ చేతుల సంగతి అడగలేదే. ఇప్పుడెందుకు అడుగుతున్నారు?”

“అడుగుతారమ్మా. అక్కడే పట్టుకుంటారు.”

“అయితే నేనన్నది అన్నట్టు రాయండి. పట్టుకోనివ్వండి.”

లాయరమ్మ ఒప్పుకోలుగానో, ఓటమిగానో తల ఊపి, అధికారిని ఆగమని అడిగింది. ఆయన గడియారం చూసుకుని విసుక్కుంటూనే సర్దిన కాగితాలు మళ్లీ తీశాడు. లైనక్క చెప్పింది. ఆయన రాశాడు. “నా లైనులో” అన్న చోట ఆయన ఆగి, “అంటే స్వయంగా మీరు కాదుగా?” అన్నాడు. లైనక్క, “రాసింది రాసినట్టు ఉంచండి,” అంది. ఆయన భుజాలు ఎగరేసి ఆ మాట కింద గీత గీశాడు. ఆ గీత మేలుకో కీడుకో ఆమెకు తెలియలేదు. లాయరమ్మ మొహం చూస్తే కీడుకే అనిపించింది. సంతకం చేసేటప్పుడు అసలు పేరు రాయాల్సి వచ్చి, మొదటి అక్షరం దగ్గర కాస్త తడబడింది.

కిందికి వచ్చేసరికి వరండా ఖాళీ అయిపోయింది. మెట్ల దగ్గర ఆడబిడ్డ సరుకుల సంచి పక్కన పెట్టుకుని కూర్చుంది. సంచి మీద కంపెనీ పేరు, నీలం మీద తెల్లగా, అక్షరాలన్నీ పూర్తిగా ఉన్నాయి.

“అందరూ పోయారుగా. నువ్వింకా పోలేదేం?” అంది లైనక్క.

“ఒక్కదాన్నే మొయ్యలేను. బరువుంది.” ఆడబిడ్డ లేచి చీర దులుపుకుంది. “పైనుంచి దిగొచ్చిన లాయరమ్మ గుమాస్తా చెప్పాడు. ఆ చిల్లులు నీవని రాయించావట.”

“రాయిస్తే?”

“ఏం లేదు. ఇంత చెత్త పని నువ్వు చేశావంటే షెడ్డులో ఎవరూ నమ్మరు.”

“నమ్మకపోతే పోనీ. అటు పక్క పట్టుకో.”

“నువ్వు తినవు కాబోలు ఇందులోది?”

సంచి ఒక చెవి లైనక్క పట్టుకుంది, ఇంకో చెవి ఆడబిడ్డ పట్టుకుంది. మెట్ల దగ్గర ఇద్దరి అడుగులూ కలవక సంచి అటూ ఇటూ ఊగింది.

“వంకర ఎత్తకే, చిరుగుతుంది,” అంది లైనక్క.

“చిరగదు. కుట్టు గట్టిగానే ఉంది.”

“ఎవరు కుట్టారో పాపం,” అని లైనక్క పళ్లు బిగించి, బరువును తన వైపుకు కాస్త ఎక్కువ లాక్కుని, రోడ్డు దాటడానికి ఆగింది.